బోటు కాగితాలు, వేట నిషేధం, మూరెడు వంజరం: నా అనుభవం

మాది కావలి వైపు సముద్రం ఒడ్డున ఉన్న ఒక పట్టపుపాలెం, అంటే మత్స్యకారుల ఊరు. ఊరి పేరు రాయను. రాస్తే ఇందులో ఉన్న ప్రతి మనిషినీ మావాళ్లు ఇట్టే గుర్తుపడతారు. కొన్నేళ్లు చెన్నైలో ఉద్యోగం చేసి, మోకాళ్ల నొప్పులతో నాయన వేటకు పోవడం మానేశాక ఇంటికొచ్చేశాను. వచ్చి ఒక పాత ఫైబర్ బోటు కొన్నాను. దాని కాగితాలు నా పేరు మీదికి మార్పించుకోవడం, వేట నిషేధం రోజుల్లో ప్రభుత్వం ఇచ్చే భృతి జాబితాలో మావాళ్ల పేర్లు ఎక్కించడం, ఆ తర్వాత వంజరం చేపపిల్లల మీద ఊళ్లో పెట్టుకున్న కట్టుబాటు, అన్నీ ఒకదాని వెనక ఒకటి జరిగాయి. మొదటి రెండూ బోటు కొనేవాళ్లకు పనికొస్తాయని రాస్తున్నాను. మూడోది రాయకుండా ఉండలేక రాస్తున్నాను.

బోటు అమ్మినాయన పక్క మండలం వాడు. బోటు తొమ్మిది మీటర్లకు కాస్త తక్కువ పొడవు. ఇంజను మార్చి ఎక్కువ కాలం కాలేదు, అడుగున ఒకచోట మాత్రం అతుకు ఉంది. ధర కుదిరింది. కాగితాలు అడిగితే ప్లాస్టిక్ కవర్లోంచి బోటు రిజిస్ట్రేషన్ కాగితం, అంటే ఆర్‌సీ తీసి ఇచ్చాడు. దాని మీద పేరు ఆయనది కాదు, చనిపోయిన వాళ్ల నాయనది.

"పేరుదేముందబ్బయా, నంబరు సరిగ్గానే ఉంది గదా. ఇన్నేళ్లు నేను నడపలా?" అన్నాడు. మధ్యలో ఉన్న మా మామ కూడా స్టాంపు పేపరు మీద అగ్రిమెంటు రాసుకుంటే చాలన్నాడు. మా వైపు చాలా బోట్లు ఇట్టాగే చేతులు మారతాయి. అమ్మినవాడి పేరుతోనే ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి. సముద్రం మీద ఆ పేరుతో పనేమీ పడదు, నిజమే. పనంతా ఒడ్డునే పడుతుంది.

మత్స్యశాఖ లెక్కలో ఆర్‌సీ లేనిది బోటే కాదు. ఆర్‌సీ ఉంటేనే వేట లైసెన్సు. లైసెన్సు ఉంటేనే డీజిల్ రాయితీ, లీటరుకు 9 రూపాయలు, మాలాంటి మోటారు బోటుకు నెలకు 300 లీటర్ల వరకు. నిషేధం రోజుల భృతికి కలాసీల (బోటు మీద పనిచేసేవాళ్ల) పేర్లు రాసేది కూడా బోటు నంబరు కిందే. కాబట్టి పేరు తేడా ఉంటే నష్టపోయేది నేనొక్కడినే కాదు, నాతో వేటకొచ్చే వాళ్లందరూ. అందుకే అడ్వాన్సు మాత్రమే ఇచ్చి, మిగతాది పేరు మారిన రోజు ఇస్తానన్నాను. ఆయనకు కోపం వచ్చింది, మామకు ఇంకా ఎక్కువ కోపం వచ్చింది. అయినా అట్టాగే జరిగింది. పాత బోటు కొనేవాళ్లకు నేను చెప్పేది ఇదొక్కటే, పేరు మారేదాకా మొత్తం డబ్బు చేతిలో పెట్టొద్దు.

బోటుకు ముందు భాగంలో రెండు వైపులా నంబరు ఉంటుంది. ఐఎన్‌డీ, ఏపీ, ఆ తర్వాత రేవు కోడు, తర్వాత ఎంఓ, చివర అంకెలు. ఎంఓ అంటే మోటారు బోటు, ఎంఎం అంటే పెద్ద మరబోటు. 2008లో ముంబయి మీద దాడి చేసినవాళ్లు ఒక చేపల బోటును పట్టుకుని దాంట్లోనే సముద్రం మీదుగా వచ్చారు. ఆ దెబ్బతో దేశమంతా చేపల బోట్ల రిజిస్ట్రేషన్ గట్టిపడింది. రియల్‌క్రాఫ్ట్ అనే ఆన్‌లైన్ పద్ధతి వచ్చింది, మత్స్యకారులకు గుర్తింపు కార్డులు వచ్చాయి. కాపలా కోసం వచ్చిన కాగితాలు ఇవి. చేపను కాపాడటానికి ఎంత పనికొస్తాయనేది వేరే సంగతి, దాని దగ్గరికి వస్తాను.

చనిపోయిన మనిషి పేరు మీదనుంచి నేరుగా నా పేరుకు మారదన్నారు. ముందు వారసులు తేలాలి. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అక్కచెల్లెళ్ల నుంచి అభ్యంతరం లేదని నోటరీ కాగితం. ఒక చెల్లెలిని చీరాల వైపు ఇచ్చారు. నాయన పోయినప్పుడు ఇంటి వాటా దగ్గర అన్నతో మాటలు పోయాయట. బోటు కాగితం పేరుతో ఆ పాత గొడవంతా మళ్లీ లేచింది. నేనూ మామా మిఠాయి పొట్లాం పట్టుకుని ఆమె ఇంటికి పోయి కూర్చున్నాం. ఆమె టీ ఇచ్చింది, అన్నను తిట్టింది, మామను కూడా తిట్టింది, తర్వాత సంతకం పెట్టింది. ప్రభుత్వ ఆఫీసుల కంటే ఆ ఇంట్లోనే పని తొందరగా అయింది.

ఎందుకంటే ఒక ఆఫీసులో ఫైలు చాలాకాలం కదల్లేదు. అక్కడ అడిగితే "అంతా ఆన్‌లైన్, మా చేతిలో ఏం లేదు" అనేవాళ్లు. ఆన్‌లైన్‌లో చూస్తే ఆఫీసరు దగ్గర పెండింగ్ అని కనిపించేది. ఇంజను బిల్లు మీద నంబరుకు, ఇంజను మీద కొట్టిన నంబరుకు ఒక అక్షరం తేడా ఉందని చివరికి తేలింది. షాపువాడితో సరిచేయించి మళ్లీ అప్‌లోడ్ చేశాక కదిలింది. ఆ ముక్క మొదటిరోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. ఇంజను నంబరు ఫొటో తీసి బిల్లుతో ఒక్కో అక్షరం పోల్చుకున్నాకే అప్లికేషన్ పెట్టండి.

తర్వాత బోటును చూడటానికి గ్రామ మత్స్య సహాయకురాలు వచ్చింది. చేపలు పట్టే కుటుంబం కాదు, ఫిషరీస్ డిప్లొమా చదివిన పిల్ల. ఎండలో ఇసుక మీద నిలబడి టేపుతో పొడవు, వెడల్పు, లోతు కొలిచింది. నంబరు కనిపించేలా నన్ను బోటు పక్కన నిలబెట్టి ఫొటోలు తీసింది. మాకు తెలియనిది చెప్పడానికి మొహమాటపడలేదు, తనకు తెలియనిది మమ్మల్ని అడగడానికీ సిగ్గుపడలేదు. అందుకే నాయనకు నచ్చింది. కుర్చీ తెప్పించి మరీ కూర్చోబెట్టాడు.

లైసెన్సు షరతులు చదివి వినిపించమంటే ఆమె ఓపిగ్గా చెప్పింది. మనకు 1994 నాటి ఆంధ్రప్రదేశ్ సముద్ర చేపల వేట నియంత్రణ చట్టం ఉంది. దాని కింద ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల దాకా నీళ్లు తెప్పలకు, చిన్న పడవలకు. మరబోట్లు దాని అవతలికి పోవాలి. బాగా పెద్దవి, 20 మీటర్లు దాటినవి, 23 కిలోమీటర్ల అవతల. నాయన నవ్వి, "ఆ గీత నీళ్ల మీద గీసినారా మేడం?" అన్నాడు. తమిళనాడు వైపునుంచి పెద్ద ఇంజన్ల బోట్లు మా తీరానికి దగ్గరగా వచ్చి గీసుకుపోవడం, మావాళ్లు అడ్డం పడటం, వలలు తెగడం, బోట్లు పట్టుకొచ్చి ఒడ్డున కట్టేయడం నెల్లూరు తీరంలో ఎప్పుడూ ఉండే గొడవే. రూల్ కాగితం మీద ఉంది. సముద్రం మీద ఆ గీత చూపించాలంటే అక్కడ ఒక బోటు, దాంట్లో ఒక ఆఫీసరు ఉండాలి.

అప్పుడు నేను అడిగాను, చేప సైజు గురించి ఏమన్నా ఉందా అని. "ఈ ఫారంలో లేదన్నా" అంది. కేరళలో ఉందని తనే చెప్పింది. అక్కడ 2015లో కొన్ని చేపలకు మొదలుపెట్టి 2017లో 58 రకాలకు కనీస సైజు పెట్టారు. వంజరానికి 50 సెంటీమీటర్లు, మూతి కొస నుంచి తోక చీలిక దాకా కొలత. అంతకంటే చిన్నది పట్టకూడదు, అమ్మకూడదు. నాయన తన చెయ్యి చాపి మోచెయ్యి నుంచి వేలి కొస దాకా చూసుకుని "మూర మీద కొంచెం" అన్నాడు. ఆ మాట తర్వాత పనికొచ్చింది.

వంజరం గురించి కొంచెం చెప్పాలి. పెళ్లి భోజనానికి, నెల్లూరు హోటలుకు, మద్రాసు మార్కెట్‌కు అన్నిటికీ కావాల్సింది ఇదే. ఉత్తరాన కోనెం అంటారు. పైపైనే వేగంగా ఈదే చేప. రాత్రి పూట పెద్ద కన్ను (రంధ్రం) ఉన్న వల నీళ్లలో వదిలి దాంతోపాటు కొట్టుకుపోతూ పడతాం, లేకపోతే గాలానికి పడుతుంది. నాయన వయసులో ఉన్నప్పుడు మనిషి భుజాన వేసుకుంటే తోక మోకాలికి తగిలే వంజరాలు మామూలుగా పడేవట. ఇప్పుడు అట్లాంటిది ఒకటి వస్తే ఫోన్లు తీసి ఫొటోలు దిగుతున్నాం.

ఇది మొదటిసారి గుడ్లు పెట్టాలంటే దాదాపు 70 సెంటీమీటర్ల దాకా పెరగాలి. తొందరగా పెరిగే చేపే, వదిలిపెడితే రెండేళ్లలో ఆ సైజుకొస్తుంది. కానీ వదిలేదెవరు? వంజరం పిల్లలు నెత్తళ్లు, కవళ్లు అనే చిన్న చేపలను తింటాయి. నెత్తళ్లు ఒడ్డుకు దగ్గరగా వస్తాయి, వాటి వెనకాలే పిల్లలూ వస్తాయి. నెత్తళ్ల వలకు కన్ను చిన్నగా ఉండాలి, లేకపోతే నెత్తళ్లు నిలవవు. ఆ చిన్న కన్నులో వంజరం పిల్ల కూడా పడుతుంది. 8 కిలోమీటర్ల గీతకు అసలు విలువ ఇక్కడుంది. ఆ లోపలి నీళ్లు పిల్లలు మేసే చోటు. పెద్ద బోటు అక్కడ అడుగు వల ఈడిస్తే ఏం మిగులుతుంది? అయితే నెత్తళ్ల వలవాళ్లం మేం కూడా అదే నీళ్లలో ఉన్నాం. తప్పంతా తమిళనాడు బోట్ల మీద తోసేసి కూర్చోవడం మా పాలెంలో అందరికీ ఇష్టమైన పని. నాకు ఆ మాట సగమే నిజం అనిపిస్తుంది.

ఏప్రిల్ వచ్చింది. తూర్పు తీరమంతా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. 2015కు ముందు మే 31తో అయిపోయేది, 47 రోజులు. మరబోట్లు, మోటారు బోట్లు ఆగిపోవాలి. ఇంజను లేని తెప్పలు పోవచ్చు. తల్లిచేపలు గుడ్లు పెట్టే కాలమని ఈ నిషేధం. చాలా రకాలకు ఇది మంచిదే, కాదనను. వంజరం మాత్రం ఏడాదిలో చాలా నెలలు గుడ్లు పెడుతూనే ఉంటుంది, కొంత భాగమే ఈ రోజుల్లోకి వస్తుంది.

బోట్లు పైకి లాగేశాం. ఐసు ఫ్యాక్టరీ నుంచి లారీలు రావడం ఆగింది. ఒడ్డున వేపచెట్ల కింద వలలు బాగుచేసుకోవడం, పాత అప్పులు గుర్తు చేసుకోవడం, పేకాట. ఈ రోజులకు ప్రభుత్వం ఇచ్చే భృతి 2019 నుంచి కుటుంబానికి 10,000 రూపాయలు ఉండేది, 2025లో 20,000 చేశారు. ఆ ఏడాది ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి దాన్ని మొదలుపెట్టారు. దాదాపు 1.29 లక్షల కుటుంబాలకు 258 కోట్లు. టీవీలో చూస్తూ మావాళ్లు ఒకటే టెన్షన్, మన పేరు ఉందా లేదా అని.

పేరు ఉండాలంటే సర్వే రోజు బోటు ఒడ్డునే ఉండాలి, కలాసీలు దాని దగ్గర ఉండాలి. బోటు రకాన్ని బట్టి ఇంతమంది అని లెక్క. అంతకుమించి రాయరు. నా బోటు మీద వచ్చేవాళ్లలో ఒకరి ఆధార్ అంతకుముందే ఇంకో బోటు కింద ఎక్కి ఉంది. అతను నిరుడు ఆ బోటు మీద పోయాడు, వాళ్లు పేరు తీయించలేదు. ఇంకొకరిది అన్నదమ్ములిద్దరికీ ఒకటే రేషన్ కార్డు. కార్డుకు ఒకరికే కాబట్టి అన్నకు వస్తే తమ్ముడికి రాదు. పెళ్లయి వేరు కాపురం పెట్టినా కార్డు విడిపోలేదు. మూడో అతను అరవై దాటినవాడు, ఇప్పటికీ నా కంటే బాగా వల లాగుతాడు, భృతికి మాత్రం పనికిరాడు. ఇంకొకరి ఖాతాకు ఆధార్ లింకు లేదు, బ్యాంకులో పోయి లింకు చేయించుకొచ్చాడు.

సచివాలయం గోడకు అంటించిన ముసాయిదా జాబితాలో మావాళ్లలో కొందరివే ఉన్నాయి. అభ్యంతరం ఉంటే రాసివ్వమన్నారు. రాసిచ్చాం. పాత బోటు ఓనరు దగ్గర ఈ మనిషి ఇప్పుడు మా బోటు మీద లేడని సంతకం తెచ్చి జతచేశాను. అదొక్కటి సరైంది. రేషన్ కార్డు గొడవ ఆ ఏడాది తేలలేదు. డబ్బు పడిన రోజు బోటు మీదివాళ్లం కూర్చుని, రానివాళ్లకు వచ్చినవాళ్లం తలా కొంత తీసి ఇచ్చాం. ఇది మా దగ్గర కొత్తేమీ కాదు. వేటలో వాటాలు పంచుకున్నట్టే పంచుకుంటారు. భృతి జాబితా బాగుపడాలంటే ఏప్రిల్‌లో కాదు, జనవరిలోనే ఎవరు ఏ బోటు మీద ఉన్నారో చూసుకుని పాత పేర్లు తీయించాలి. పనిలో పని, రేషన్ కార్డు విడగొట్టుకునే పని కూడా అప్పుడే పెట్టుకోవాలి.

జూన్ 14 అర్ధరాత్రి దాటగానే బోట్లు దిగాయి. మొదటి వారం రొయ్య బాగా పడింది. అప్పులవాళ్లు నవ్వుతూ పలకరించారు. ఆషాఢం వచ్చేసరికి నెత్తళ్లు వచ్చాయి, వాటితోపాటు వంజరం పిల్లలు కూడా. జానెడున్నర, రెండు జానలు. ఒక పొద్దున ఒడ్డున వేలం పాట పెట్టినప్పుడు ఆ పిల్లలు బుట్టలకు బుట్టలు ఉన్నాయి. కిలోకు పెద్ద వంజరానికి వచ్చే రేటులో సగం కూడా రాలేదు. పక్కనే సాగరమిత్ర, అంటే ప్రభుత్వం తరఫున చేపల లెక్క రాసే అమ్మాయి, నిలబడి ఏ రకం ఎన్ని కిలోలు అని రాసుకుంటోంది. ఆమె పుస్తకంలో అది "వంజరం, ఇన్ని కిలోలు" అని ఎక్కుతుంది. పది కిలోలంటే ఒక్క చేపో, యాభై పిల్లలో ఆ అంకె చెప్పదు. నాయన ఆ బుట్టల్లోకి చూసి, "61 రోజులు తల్లిని కాపాడి, 62వ రోజు బిడ్డను పాటకు పెట్టినాం" అన్నాడు. ఆ మాట ఊరంతా తిరిగింది.

ఆ వారమే గంగమ్మ గుడి దగ్గర కాపులు, అంటే మా ఊరి పెద్దలు, కూర్చున్నారు. బయటివాళ్లకు తెలియదు గానీ పట్టపుపాలేల్లో సర్పంచి ఒకరుంటే కాపులు వేరే ఉంటారు. పెద్దకాపు, మిగతా కాపులు కలిసి చేసిన తీర్పుకు దురాయి అని పేరు. దురాయి వేశారంటే దాటడం కష్టం. దాటితే తప్పు, అంటే జరిమానా, కట్టాలి, కట్టకపోతే ఊరు పనుల్లోంచి వెలి. ఈ పద్ధతిలో చెడ్డా ఉంది. ఎన్నికలప్పుడు, పెళ్లిళ్ల విషయాల్లో దురాయి పేరుతో మనుషులను నలిపేసిన సంగతులు నాకు తెలుసు. కాబట్టి దాన్ని పొగడటం లేదు. కానీ ఆ రోజు జరిగిన మాటలు మాత్రం నేను చూసిన ఏ ఆఫీసు మీటింగులోనూ వినలేదు.

మొదట చిన్న కన్ను వలలు మొత్తం ఆపేద్దామని పెద్ద వలలవాళ్లు అన్నారు. వాళ్లకు పోయేదేం లేదు గదా. నెత్తళ్లవాళ్లు లేచారు. "నెత్తళ్లు పెద్ద కన్నులో పడతాయా? మా పొయ్యి ఆర్పి మీ వంజరం పెంచుతారా?" అది న్యాయమైన మాటే. తర్వాత పడిన పిల్లలను నీళ్లలో వదిలేయాలని ఒకరన్నారు. వలలో చిక్కిన వంజరం ఎంతసేపు బతుకుతుంది? పైకి లాగేలోపే చచ్చిపోతుంది. చచ్చిన చేపను సముద్రంలో పారేయడం చేపకూ మంచిది కాదు, మనిషికీ కాదు. కేరళ రూల్లో పట్టకూడదని ఉంది, సరే, కానీ మా వలలతో ఏది పడుతుందో పైకొచ్చేదాకా తెలియదు.

చివరికి నాయన వయసు వాళ్లే ఒక దారి చూపించారు. పట్టకూడదు అనొద్దు, పాటకు పెట్టకూడదు అందాం. మూర లోపు వంజరం ఒడ్డున పాటకు పెడితే తప్పు. కూరకు ఇంటికి తీసుకుపోవచ్చు. అమ్ముకోవడానికి వీలు లేకపోతే పిల్లలు గుంపుగా ఉన్న చోట వల వేయాలని ఎవరికీ అనిపించదు. పడినా, వల లాగి ఇంకో చోటికి పోతారు. చట్టాలు రాసేవాళ్లెవరికైనా ఇది చూపించాలని అప్పుడే అనుకున్నాను.

అప్పుడు ఆడవాళ్లు వచ్చారు. కాపుల కూటంలో వాళ్లకు కూర్చునే అలవాటు లేదు, గుడి అరుగు అవతల నిలబడి మాట్లాడారు. బుట్టలో పెట్టుకుని కావలి, అల్లూరు ఊళ్లలో ఇంటింటికీ తిరిగి అమ్మేది వాళ్లే. "పెద్ద వంజరం యాపారి ఐసు బాక్సులోకి పోద్ది. మా బుట్టలోకి వచ్చేది చిన్నదే. మూరెడు చేప కొనే ఇళ్లు మేం పొయ్యే వీధుల్లో ఎన్నున్నాయి?" అని ఒక పెద్దమ్మ అడిగింది. ఎవరి దగ్గరా సమాధానం లేదు. కానాగంత చేపలు, కవళ్లు పాటలో వాళ్లకే ముందు ఇవ్వాలని, దసరా దాకానే ఈ కట్టుబాటని సర్దారు. వాళ్లకు జరిగిన నష్టం దాంతో పూర్తిగా తీరిందని నేను అనుకోను.

ఇంకొక తమాషా. "మూర అంటే ఎవరి మూర?" అన్నాడొకడు, పొట్టి మనిషి. అందరూ నవ్వారు గానీ ప్రశ్న సరైందే. మత్స్య సహాయకురాలిని పిలిచి టేపుతో 50 సెంటీమీటర్లు కొలిపించి, వెదురు బద్ద కోసి పాట షెడ్డులో కట్టారు. తోక చీలిక దాకా కొలవాలని ఆమె చెబితే, తోక కొస దాకానే అని కొందరు బేరమాడారు. చీలిక దాకానే ఖాయం చేశారు. 70 అయితే ఇంకా మంచిదని నేనన్నాను. "ముందు దీన్ని నిలబెట్టు" అన్నాడు పెద్దకాపు. ఆయన మాటే సరి, 70 అని ఉంటే మొదటి వారంలోనే దురాయి గాలికి పోయేది.

నిలబడిందా అంటే, మా ఒడ్డున నిలబడింది. పాట పాడే ఆయన బద్ద చేతిలో పట్టుకుని మరీ చూసేవాడు. తప్పు కట్టినవాళ్లు ఉన్నారు, గొణుక్కుంటూ కట్టారు. కానీ మా ఒడ్డు దాటితే దురాయి లేదు. ఒక వ్యాపారి ఆటో వేసుకొచ్చి పక్క పాలెం దగ్గర ఆగడం మొదలుపెట్టాడు. పిల్లలు పడిన రోజు మా బోట్లు ఒకటీ రెండూ నేరుగా అక్కడికే పోయి దింపేవి. అడిగితే ఇంజను ట్రబుల్ వచ్చి అక్కడ ఆగామని చెప్పేవాళ్లు. ఇంజన్లు కూడా తెలివిమీరిపోయాయి, వంజరం పిల్లలు పడినరోజే ఆగిపోతున్నాయి.

ఇక పెద్ద బోట్ల మీద అయితే దురాయికి ఏ అధికారమూ లేదు. వాళ్లను 8 కిలోమీటర్ల అవతల నిలపడానికి ప్రభుత్వమే కావాలి. లైట్లు వేసి చేపలను పోగుచేసి పట్టడాన్ని, రెండు బోట్లు కలిసి వల ఈడ్చడాన్ని కేంద్రం 2017లోనే నిషేధించింది. మా గంగమ్మ గుడిలో కూర్చుని ఆ రూల్‌ను అమలు చేయలేం. ప్రభుత్వం కూడా మా పాటలో నిలబడి ఒక్కో చేపను కొలవలేదు. ఇప్పుడు బోట్లకు ట్రాన్స్‌పాండర్లు ఉచితంగా బిగిస్తున్నారు, ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద. తుపాను కబురు వస్తుంది, ఆపదలో మనం సిగ్నల్ పంపొచ్చు. బోటు ఎక్కడుందో కూడా తెలుస్తుంది. మావాళ్లలో కొందరికి అది నచ్చలేదు, మన మీద నిఘా అన్నారు. నేను మాత్రం నా బోటుకు అడిగాను. పెద్ద బోట్లు ఎక్కడ తిరుగుతున్నాయో తెలియాలని కేకలేసేవాళ్లం, మన బోటు ఎక్కడుందో చెప్పం అంటే కుదరదు గదా.

మత్స్య సహాయకురాలి సలహాతో శాఖకు ఒక అర్జీ పెట్టాం. నా పేరుతో కాకుండా ఊరి పేరుతో రాయమంది, కాపులు, సర్పంచి, మత్స్యకారుల సొసైటీ అధ్యక్షుడు సంతకాలు పెట్టారు. అందులో రెండు అడిగాం. ఒడ్డున రోజూ రాసే లెక్కలో వంజరానికి కిలోలతోపాటు మూర లోపు ఎన్ని, పైన ఎన్ని అని కూడా రాయాలి. చిన్న కన్ను వల మార్చుకునేవాళ్లకు కొత్త వలకు రాయితీ ఇవ్వాలి. రసీదు ఇచ్చారు. సాగరమిత్ర పిల్ల పై నుంచి ఆర్డరు రాకముందే తన నోట్‌బుక్‌లో చివరి పేజీల్లో ఆ లెక్క రాయడం మొదలుపెట్టింది. మా పాటకు ఎదురుగా కూర్చుని గీతలు కొట్టుకుంటుంది, పైన ఒక వరస, కింద ఒక వరస.

దసరా అయ్యాక పక్క పాలెం కాపులు మాట్లాడదాం రమ్మన్నారు. ఆటో వ్యాపారి అప్పు వాళ్లలో చాలామందికి ఉంది, అప్పు ఉన్నవాడు చేపను వేరేవాళ్లకు అమ్మలేడు. కాబట్టి అక్కడ మూర బద్ద కంటే ముందు అప్పు సంగతి తేలాలి. సొసైటీ తరఫున బ్యాంకు లోను పెట్టించి ఆ అప్పులు తీర్చే వీలుందేమో కనుక్కోమని ఆ పని నాకు అప్పగించారు. కిసాన్ క్రెడిట్ కార్డు మత్స్యకారులకు కూడా ఇస్తారు, దానికీ బోటు ఆర్‌సీ జిరాక్స్ అడుగుతున్నారు. ఆ పాలెంలో సగం బోట్లు ఇప్పటికీ పాత ఓనర్ల పేరు మీదే ఉన్నాయి.